కుర్చీ బయటికి పోయే రోజు

జూన్ 11

బావా,

చేరాను. ఒళ్ళంతా దుమ్ము, చెవుల్లో ఇంకా లారీ మోత. రేకుల షెడ్డులో చివరి గది నాకిచ్చారు. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీలోంచి చూస్తే మేం తవ్వుతున్న కొండ తప్ప ఇంకేమీ కనబడదు. ఇవతలి నుంచి మా జట్టు, అవతలి నుంచి ఇంకో జట్టు తవ్వుకుంటూ పోతే మధ్యలో రెండు సొరంగాలూ కలవాలి. కలిసేలా దారి కొలిచి చూపించడమే నా పని. బెత్తెడు తేడా వచ్చిందో, అందరూ కలిసి సర్వేయరు నెత్తిన రుద్దుతారు.

ఫోను ఒక్కటే ఉంది, అదీ ఇంజనీరు గారి బల్ల మీద. నిన్న మాట్లాడుతుంటే వెనకాల నలుగురు వరసలో నిలబడి వింటున్నారు. మన గిలకేమో ఫోను చెవికి పెట్టుకుని ఊపిరి తీయడం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. నోరు ఆగదనే కదా దానికి గిలక అని పేరు పెట్టాం! కాబట్టి ఉత్తరాలే నయం. సరుకుల లారీ వారానికోసారి వస్తుంది, పోతుంది.

ఇక అసలు సంగతి. వయొలిన్ క్లాసులో ఇక నా కుర్చీలో నువ్వు కూర్చోవాలి. మొహం అలా పెట్టకు, ఇక్కడికి కనబడుతోంది. టీచరమ్మ పద్ధతేమిటంటే, పిల్లతో పాటు ఇంట్లోవాళ్ళు ఒకరు నేర్చుకోవాలి. పిల్ల పక్కన కుర్చీలో కూర్చుని, ఆవిడ చెప్పింది ముందు మనం వాయించాలి, తర్వాత పిల్ల వాయిస్తుంది. ఇంట్లో సాధన కూడా అంతే. అట్టపెట్టెకి చెక్క స్కేలు అంటించిన ఉత్తుత్తి వయొలిన్‌తో నిలబడడం, పట్టుకోవడం నేర్చుకున్నన్నాళ్ళూ దాని పక్కన నేనున్నాను. అట్టపెట్టె చదువు అయిపోయి, చేతికి నిజం వయొలిన్ వచ్చిన వారమే నాకు ఇక్కడికి రమ్మని కబురొచ్చింది. నా రాత!

ఇప్పుడు మొదటి పాట నడుస్తోంది. పిల్ల దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడు తప్పు లేకుండా వాయిస్తే, ఆ రోజు టీచరమ్మ ఆ కుర్చీని గదిలోంచి బయట పెట్టించేస్తుంది. అప్పట్నుంచి పిల్ల ఒక్కతే లోపలికి వెళ్ళాలి. నేను వచ్చేలోగా ఆ కుర్చీ బయటికి పోవాలి బావా. చిన్నప్పుడు మా పక్కింట్లో ఒకమ్మాయి వయొలిన్ నేర్చుకుంటుంటే గోడవతల నిలబడి విన్నదాన్ని నేను. నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

గిలకకి చదివి వినిపించు: అమ్మ కుర్చీ కబురు కోసం ఎదురుచూస్తోందని.

నీ మరదలు


జూన్ 20

కొండను తవ్వే మరదలికి,

ఎలుక దొరికితే రాయి.

నీ ఆజ్ఞ ప్రకారం కుర్చీలో కూర్చున్నాను. చేతుల్లేని చెక్క కుర్చీ, నేను కూర్చోగానే కుయ్యిమంది. టీచరమ్మ నా వేళ్ళ వంక చూసింది. పొద్దున నాలుగు బస్తాల పిండి కలిపిన వేళ్ళవి, గోళ్ళ సందుల్లో ఇంకా పిండి ఉంది. ఆవిడ లేచి వెళ్ళి సబ్బు తెచ్చింది. అదీ నా మొదటి పాఠం.

రెండో పాఠం కమాను పట్టుకోవడం. రొట్టెల కర్రలా పట్టుకున్నానని గిలక పడీ పడీ నవ్వింది. "అమ్మయితే ఇలా పట్టుకోదు" అంటుంది మాటకి ముందొకసారి, వెనకొకసారి. ఇంటికొచ్చి వంటగదిలో సాధన మొదలుపెట్టాను. కాసేపటికి మేడ మీద కుట్టుపని చేసే పిన్ని దిగివచ్చి అలమార వెనక, మంచం కింద వెతకడం మొదలుపెట్టింది. ఏమిటి పిన్నీ అంటే, "పిల్లి ఎక్కడో ఇరుక్కుంది నాయనా, పాపం ఎంతగా ఏడుస్తోందో" అంది.

పిన్ని చలవ వల్లే ఇల్లు నడుస్తోంది. తెల్లారకముందే నేను బేకరీకి పోతానా, ఆవిడ వచ్చి గిలకని లేపి, తయారుచేసి బడికి పంపుతోంది. మధ్యాహ్నానికి నేను వచ్చేస్తాను.

నీ కూతురు మాత్రం నాలాంటిది కాదు. పాట ముప్పావు వంతు వచ్చేసింది. నేను ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తీగ బాగాలేదంటుంటే, అది నా చేతిలోంచి లాక్కుని అదే తీగ మీద చక్కగా వాయించి చూపించింది. కుర్చీకి ఇంకెన్నో రోజులు లేవు.

నీ పిండిచేతుల బావ


జూలై 2

బావా,

ఉత్తరం చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్కగది వంటావిడ వచ్చి ఒళ్ళు బాగుందా అని అడిగింది.

ముప్పావు వచ్చేసిందా! నాకు కాలు నిలవడం లేదు. ఇక్కడ రాయి గట్టిగా తగిలి తవ్వకం నెమ్మదించింది, అందరూ చిరాగ్గా ఉన్నారు. నేను మాత్రం పనిముట్టు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళేటప్పుడు ఆ పాటే కూనిరాగం తీస్తున్నాను. కుర్చీ పోయిందని రెండు ముక్కలు రాయి చాలు, అది పట్టుకుని షెడ్డంతా తిరిగొస్తాను.

నీ మరదలు


జూలై 15

మరదలా,

కుర్చీ పోయింది, కాని మనది కాదు. మనకన్నా ముందు క్లాసు రెండు జడల పిల్లది. పాట అయిపోగానే టీచరమ్మ తలుపు తెరిచి పట్టుకుంది. ఆ పిల్ల తల్లి కుర్చీ తనే ఎత్తి వరండాలో పెట్టింది. మేమందరం చప్పట్లు కొట్టాం. తలుపు మూసేశారు. తల్లి ఉన్న పనులు చూసుకుందామని అటు నుంచి అటే బజారుకి వెళ్ళింది. గిలక కిటికీ ఊచలు పట్టుకుని, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసింది. కుర్చీ మీద ఆశ పుట్టిందిలే అనుకున్నాను.

తీరా చూస్తే కథ అడ్డం తిరిగింది. ఇప్పుడు పాటంతా బంగారంలా వాయిస్తుంది. చివర రెండు స్వరాలుంటాయి చూడు, దిగి వచ్చి ఆగేవి, సరిగ్గా వాటి ముందు కమాను ఎత్తేస్తుంది. ఎందుకమ్మా అంటే "మర్చిపోయా" అంటుంది. నాకే వచ్చేసిన రెండు స్వరాలు దానికి రాకపోవడమేమిటి? క్లాసులో అంతే, ఇంట్లో అంతే. టీచరమ్మని అడిగితే తొందరపడకండి అంటుంది. ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది.

నాకూ మనసు మనసులో లేదు. నిన్న ఒక వాయి రొట్టెలు మాడ్చాను. యజమాని మర్యాదస్తుడు కాబట్టి సరిపోయింది.

బావ


జూలై 24

బావా,

రెండు స్వరాలు! అంతదాకా వచ్చి రెండు స్వరాల దగ్గర ఆగడమేమిటి? ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు ఆ కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నావా? తెల్లారకముందే లేచే మనిషివి, నాకు తెలియదా? పిల్లకి నువ్వు వినడం లేదని అనిపిస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా. నేనుంటే ఇలా అయ్యేది కాదు.

కొలత తప్పితే మేం ఎక్కడ తప్పిందో అక్కడికే వెళ్ళి మళ్ళీ కొలుస్తాం. పాటంతా వద్దు, ఆ రెండు స్వరాలే రోజూ వాయించు, వాయించమను. ఇది కూడా దానికి చదివి వినిపించు:

"గిలకా, కుర్చీ పోతే ఎంత గొప్పో తెలుసా? ఇక నీకు ఎవరూ పక్కన అక్కర్లేదన్నమాట. నాన్న కూడా అక్కర్లేదు. ఒక్కదానివే వాయించుకోవచ్చు. త్వరగా పూర్తి చెయ్యి తల్లీ."

నీ మరదలు


ఆగస్టు 3

అమ్మా సర్వేయరూ,

కునుకు తీయడం లేదు. గోడ గడియారం వంకైనా చూడడం లేదు. దూరపు కొండలు నునుపు అంటారు, నువ్వున్నది కొండలో, నునుపుగా కనబడుతున్నది మా ఇల్లు. వచ్చి చూస్తే తెలుస్తుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ ముక్కలు చదివి వినిపించాను. మొత్తం విన్నది, "ఇంకోసారి చదువు" అంది, చదివాను. తర్వాత ఆ రెండు స్వరాలే వాయించమన్నాను. కమాను కింద పెట్టి కడుపు నొప్పి అంది.

ఆ రోజు నుంచి పాట చివర్నించి తరిగిపోతోంది, ఎలుకలు కొరుకుతున్నట్టు. ముందు రెండు స్వరాలు పోయాయి. తర్వాత చివరి వరస మొత్తం పోయింది. మొన్న సగంలోనే ఆపేసింది. అది వాయించే పాట రోజురోజుకీ చిన్నదవుతుంటే పక్కన కూర్చుని వినడం ఎంత కష్టమో నీకు తెలియదు. కోప్పడలేదు. ఒక్కసారి మాత్రం గొంతు పెంచాను, వెంటనే బుర్ర వంచుకున్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకోమంది. జరుపుకున్నాను. ఇంకా దగ్గరికి అంది. మోకాలు తగిలేదాకా జరిపించుకుని, అప్పుడు కూడా సగమే వాయించింది.

నాకు ఒకటే అనిపిస్తోంది. మానిపించేద్దాం. నీ ముచ్చట దాని నెత్తిన పెట్టాం. దానికి ఇష్టం లేదు, చెప్పలేకపోతోంది.

బావ


ఆగస్టు 12

బావా,

నా ముచ్చట అన్నావు. సరే, నాదే. నువ్వు అన్న మాట నేనే నన్ను రోజూ అనుకుంటున్నాను, కాబట్టి నీ మీద కోపం లేదు. అబద్ధం, ఉంది. కాని అంతకన్నా నా మీద ఎక్కువ ఉంది.

మానిపించొద్దు. నేనే వచ్చేస్తాను. ఉద్యోగం వదిలేస్తున్నానని కాగితం రాసి ఇంజనీరు గారికి ఇచ్చాను. ఆయన బిత్తరపోయాడు. రెండు సొరంగాల మధ్య ఇంక కొంచెం రాయే మిగిలింది, ఈ దశలో కొత్త సర్వేయరు చేతిలో పెడితే ఎటు పోతుందో అని ఆయన బాధ. నా బాధ ఆయనకి ఏం చెప్పను? మా అమ్మాయి రెండు స్వరాలు వాయించడం లేదండీ అని చెప్పనా? చెప్పాను కూడా. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇది నేను కష్టపడి తెచ్చుకున్న పని, నీకు తెలుసు. ఆడమనిషికి సొరంగంలో పనేమిటని నవ్విన వాళ్ళందరి ముందూ రెండు వైపులూ కలిపి చూపించాలనుకున్నాను. పోనీలే. వచ్చే లారీలో కాకపోతే ఆ పై లారీలో బయలుదేరతాను. అమ్మ వస్తోందని గిలకకి చెప్పు.

నీ మరదలు


ఆగస్టు 20

ఇదిగో, ఇది అందగానే ముందు ఆ కాగితం వెనక్కి తీసుకో. తర్వాత మిగతాది చదువు.

నిన్న గిలకకి బడి లేదు. బేకరీలో పొయ్యి చెడితే నేను పొద్దున్నే ఇంటికొచ్చేశాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల వయొలిన్ మోగుతోంది. మొదటి నుంచి మొదలైంది, సగం దాటింది, చివరి వరస దాటింది. ఆ రెండు స్వరాలూ దిగి వచ్చి, ఆగాయి. మెట్టు మీదే కూలబడ్డాను మరదలా.

పిన్ని బయటికొచ్చింది. "ఎప్పట్నుంచి పిన్నీ?" అన్నాను. "ఎప్పట్నుంచేమిటి, రోజూ బడికెళ్ళే ముందు మొత్తం వాయించే వెళ్తుంది. నీకు తెలియదా?" అంది. నాకు తెలియదని ఆవిడకి తెలియదు.

గిలక నన్ను చూసి వయొలిన్ వెనక దాచుకుంది. నేను కింద కూర్చుని అడిగాను. అది అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"పాట అయిపోతే కుర్చీ తీసేస్తారుగా."

"తీసేస్తే ఏమవుతుందమ్మా?"

"డబ్బా వయొలిన్ అయిపోయింది, అమ్మ వెళ్ళిపోయింది. పాట అయిపోతే నువ్వు వెళ్ళిపోతావు. రెండు జడల అక్క వాళ్ళమ్మ వెళ్ళిపోయింది, నేను చూశాను. అమ్మే రాసిందిగా, నాన్న కూడా అక్కర్లేదని."

నాకు ఏడుపొచ్చింది, దాని ముందే ఏడ్చాను. అది నా మొహం తుడిచి, "రేపు కూడా సగమే వాయిస్తాలే" అని నన్ను ఊరడించింది.

నువ్వు చదవమన్నవి నేనే చదివి వినిపించాను. అడిగిందని రెండోసారి కూడా చదివాను. ఇద్దరం కలిసే చేశాం ఈ ఘనకార్యం.

సాయంత్రం పరిగెత్తుకుంటూ వెళ్ళి టీచరమ్మకి చెప్పాను. పోనీ కుర్చీ లోపలే ఉంచెయ్యండి అన్నాను. ఆవిడ ఏమందంటే, "ఉంచడం నాకేం కష్టం? కాని పాట ఆపితే కుర్చీ ఉంటుందని తెలిశాక ఇక ఏ పాటా పూర్తి చెయ్యదు. ముందు దాని భయం తీర్చండి" అంది.

తిరిగి వస్తుంటే దారిలో నాకు తట్టింది. నువ్వు ఇప్పుడు వచ్చేస్తే? పాట ఆపితే అమ్మ వచ్చిందనుకుంటుంది. ఇక జన్మలో దేన్నీ చివరిదాకా తీసుకెళ్ళదు. అమ్మ వస్తోందని నేను దానికి చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. రావద్దు. నువ్వు రావాలని నాకు ఎంత ఉందో రాయలేను, అయినా రావద్దు. ఆ కొండ పని పూర్తి చేసుకుని రా. నువ్వు వెళ్ళింది వయొలిన్ వల్ల కాదని దానికి నువ్వే చెప్పాలి. నేను చెబితే నమ్మలేదు.

బావ


ఆగస్టు 27

బావా,

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇంజనీరు గారు దాన్ని పైకి పంపలేదు, సొరుగులో పడేసి ఉంచాడు. "రెండు స్వరాల సంగతి తేలిందా?" అన్నాడు. తేలిందండీ, తప్పు కొలత నాదే అన్నాను.

లారీలో ఎక్కడానికి పెట్టె సర్ది ఉంచాను. దాన్ని విప్పడానికి చెయ్యి రాలేదు, ఇంకా అలాగే ఉంది. బిడ్డ అంత భయం మోస్తుంటే రాకుండా ఉండడం కన్నతల్లి చేసే పనేనా అని ఒక పక్క, నువ్వన్నదే నిజమని ఒక పక్క. రాత్రీ పగలూ లాగుతున్నాయి. రావడమే నాకు సుఖం, అందుకే రావడం లేదు.

కింద రాసింది గిలకకి చదువు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చదువు, ఈసారి పర్వాలేదు.

"గిలకా,

డబ్బా వయొలిన్ అయిపోయిందని అమ్మ వెళ్ళలేదు. నువ్వు డబ్బా ఇంకా వాయిస్తూ ఉన్నా, అసలు ముట్టుకోకపోయినా అమ్మ వెళ్ళేదే. ఇది అమ్మ పని, అమ్మకి ఇష్టమైన పని, అందుకని వచ్చింది. నీ వల్ల కాదు, నీ వయొలిన్ వల్ల కాదు. నీకు కోపం వస్తే అమ్మ మీద తెచ్చుకో.

నాన్న అక్కర్లేదని తప్పు రాశాను. కుర్చీ అక్కర్లేదు, అంతే. నాన్న ఎప్పుడూ కావాలి, నాక్కూడా.

ఇక్కడ రాతికి చెవి ఆనిస్తే అవతలివాళ్ళు తవ్వుతున్న చప్పుడు వినబడుతోంది. కనబడరు, కాని ఉన్నారు. మా పని అయిపోయిన రోజున వాళ్ళూ మేమూ కలుస్తాం. అయిపోతే అందరూ వెళ్ళిపోరమ్మా, కొందరు వస్తారు. నేను వస్తాను. పాట పూర్తి చేస్తావో చెయ్యవో నీ ఇష్టం. రెండింటికీ వస్తాను."

నీ మరదలు


సెప్టెంబరు 9

మరదలా,

మొదటిసారి చదివితే కోపం వచ్చింది. "అమ్మకి నాకన్నా కొండ ఇష్టమా?" అని అడిగింది. రెండూ ఇష్టమే అన్నాను. అన్నం తినలేదు, అట్టపెట్టె వయొలిన్ తీసి స్కేలు పీకేసింది. మర్నాడు స్కేలు తనే అంటించి, మళ్ళీ చదవమంది. మూడోసారి చదివాక "రెండింటికీ అంటే?" అంది. వాయించినా సరే, వాయించకపోయినా సరే అన్నాను. ఆలోచించుకుంటాను అంది, పెద్ద పెత్తందారులా.

క్లాసు ముందు నాకు ఒక షరతు పెట్టింది. కుర్చీ బయటికి వెళ్తే, తలుపు కింది సందులోంచి నా చెప్పులు కనబడేలా కూర్చోవాలట. సరేనన్నాను.

పాట మొదలుపెట్టింది. సగం దాటింది. చివరి వరసకి వచ్చి కమాను ఆపి నా వంక చూసింది. నేను తలుపు కింది సందులో కనబడుతున్న నా చెప్పులు చూపించాను. ఆ రెండు స్వరాలూ వాయించింది. రెండోది కాస్త కీచుమంది, టీచరమ్మ పట్టించుకోలేదు. తలుపు తెరిచింది. కుర్చీ ఒక కోడు అది పట్టుకుంది, ఒకటి నేను పట్టుకున్నాను, వరండాలోకి మోశాం. తలుపు పడింది. నేను కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. లోపల కొత్త పాట మొదలయ్యేదాకా పాదం కదపలేదు, తిమ్మిరెక్కింది. కుర్చీ కబురు అడిగావుగా, ఇదే.

ఇంకో సంగతి. సిగ్గుగా ఉంది, నవ్వకు. పిల్ల క్లాసు అయ్యాక టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, నన్ను కూడా చేర్చుకుంటారా అని అడిగాను. ఇంతకాలం నేర్చుకుని మధ్యలో వదలబుద్ధి కాలేదు. ఆవిడ నా గోళ్ళు చూసి సరేనంది. కాని పద్ధతి పద్ధతే, ఇంట్లోవాళ్ళు ఒకరు పక్కన కూర్చోవాలి అంది. దాంతో ఆ కుర్చీ మళ్ళీ లోపలికొచ్చింది. అందులో ఎవరు కూర్చుంటున్నారో చెప్పక్కర్లేదుగా. కాళ్ళు నేలకి అందవు, మోచెయ్యి మోచెయ్యి అని అరుస్తుంది.

మిగతాది అదే చెబుతానంటోంది, నేను రాస్తున్నాను.

"అమ్మా, సొరంగం అయిపోయిందా? నాన్నకి పాట అంతా వచ్చు. ఇంట్లో వాయిస్తాడు, పిన్ని కూడా విన్నది. క్లాసులో మాత్రం చివర రెండూ వదిలేసి మర్చిపోయానంటాడు. అబద్ధం. నాకు తెలుసు, నేనూ అలాగే చేశాగా. నాన్నా, ఇది కూడా రాయి. అమ్మా, నువ్వొచ్చి కూర్చుంటే వాయిస్తాడు. నేను లేచి నీకు ఇస్తాను."